కల నాదే, మరి భయం ఎవరిది?

ప్రశ్న: నా వయసు 29. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రాత్రిళ్లు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంటాను. రెండు పుస్తకాలకు డబ్బు కూడా వచ్చింది. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే దిగాలని ఉంది. ఆ మాట ఎత్తితే చాలు, అమ్మ ‘ముందు నీ కాళ్ల మీద నువ్వు నిలబడు’ అంటుంది. నిలబడే ఉన్నాను కదా! నా చిన్నప్పుడు నాన్న ఉద్యోగం పోతే ఇల్లు గడపడానికి అమ్మ నానా అవస్థలు పడింది. వేరే దేశంలో పెరిగిన మా టీమ్ అమ్మాయేమో ‘ఇది మీ పెంపకం నేర్పిన పిరికితనం, దూకెయ్’ అంటోంది. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాను. ఈ భయం నాదా, మా ఇంటిదా? ఆఫీసులో ఇప్పుడే చెప్పేయనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మెయిల్‌ని కొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి. ఉన్నందుకు అద్దేమీ అడగదు.

భయం మీ ఇంటిదే. అయితే ఏమైంది? మీ స్నేహితురాలి ‘దూకెయ్’ కూడా వాళ్లింట్లో నేర్చుకున్నదే. ఆమెను చిన్నప్పుడు ‘నీకేం కావాలి’ అని అడిగి ఉంటారు, మిమ్మల్ని ‘మనకేం కుదురుతుంది’ అని. ఆమెది ధైర్యం, మీది పెంపకం అనుకోవడం దగ్గరే తిరకాసుంది.

పోనీ, అమ్మ మాటంతా సంస్కృతి ఖాతాలో వేసేయకండి. అందులో సగం జీతం ఆగిపోయిన ఆ నెలల జ్ఞాపకం. అమెరికాలో 1920-21లో పుట్టి, 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లల జీవితాల మీద గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆదాయం బాగా పడిపోయిన ఇళ్లలోని మగపిల్లలు ఏ పనిలో స్థిరపడాలన్నది తొందరగా తేల్చేసుకున్నారట. కలల దేశమని పేరు మోసిన చోట!

మీ ఉత్తరం చదవగానే నాకు ఇంకో పరిశోధన గుర్తొచ్చింది. 1999లో క్రిస్టఫర్ సీ, ఎల్కె వెబర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికన్, చైనీస్ విద్యార్థులను పోల్చి చూశారు. ఎవరు ఎక్కువ రిస్క్ తీసుకుంటారని అడిగితే రెండు వైపులవాళ్లూ ‘అమెరికన్లే’ అన్నారు. తీరా చూస్తే డబ్బు పెట్టే విషయంలో చైనీస్ విద్యార్థులే ఎక్కువ తెగించారు. చదువు, వైద్యం దగ్గర మాత్రం ఆ తెగింపు కనిపించలేదు. పడితే పట్టుకోవడానికి అయినవాళ్లున్నారన్న భరోసాయే దీనికి కారణమని వాళ్ల వివరణ. డబ్బు పోతే ఎవరో ఒకరు సర్దుతారు, పరీక్ష తప్పితే ఎవరు పంచుకుంటారు?

అంటే ‘జాగ్రత్త, జాగ్రత్త’ అని చెవిలో పోరే ఇల్లే, రేపు మీరు చేతులు కాల్చుకుని వస్తే గది సర్ది పెట్టే ఇల్లు. అయితే ఆ భరోసా ఊరికే రాదు. మీరు పడితే ఆ దెబ్బ అమ్మకూ తగులుతుంది కాబట్టి, ఈ విషయంలో ఆమెకు ఓటుంది. వీటో లేదు.

ఆమెతో ‘నా కల’ అని మొదలుపెట్టకండి. కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. నెలకు ఖర్చెంత, చేతిలో ఉన్నది ఎన్ని నెలలకు వస్తుంది, ఆరోగ్య బీమా ఎవరు కడతారు, ఎన్నాళ్లు చూసి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారు... అకౌంట్స్ చూసే మనిషికి ఇవన్నీ నేను చెప్పాలా! ఒక్కటి మాత్రం మరవకండి. ఆ రెండు పుస్తకాలకూ బొమ్మలు ఇచ్చిన తేదీ ఒకవైపు, డబ్బు చేతికొచ్చిన తేదీ ఒకవైపు రాయండి. అక్కడ పెన్ను ఆగుతుంది. మధ్యలో ఎన్ని నెలలు పోయాయో, ఎన్నిసార్లు గుర్తు చేయాల్సి వచ్చిందో అప్పుడు బయటపడుతుంది. మీరు బతకాల్సింది ఆ నెలల్లోనే.

అమ్మను కూడా వదలకండి. ‘ఎంత ఉంటే నిలబడ్డట్టు?’ అని అడిగి ఒక అంకె చెప్పించండి. లేకపోతే ముందు ప్రమోషన్, ముందు ఇల్లు అంటూ ఆ జాబితా మీకు యాభై ఏళ్లొచ్చినా తెగదు.

ఇక ఉద్యోగం మానకుండా మొదలుపెట్టడం పిరికితనమా అంటే, కానే కాదు. జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగం చేస్తూ సొంత పని మొదలుపెట్టి ఆ తర్వాత అందులోకి మారినవాళ్లు దెబ్బతినే అవకాశం, ఒకేసారి మానేసి దిగినవాళ్లకంటే దాదాపు మూడో వంతు తక్కువని తేలింది. కాకపోతే పగలంతా లెక్కలు, రాత్రంతా బొమ్మలు ఎంతోకాలం సాగవు. ముందు నిద్ర చెడుతుంది, ఆ తర్వాత బొమ్మ. వారంలో ఒకరోజు జీతం వదులుకుని సెలవు తీసుకునే వీలుందేమో కనుక్కోండి.

ఆఫీసులో ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు మాత్రం ఓసారి బయటకు తీయండి. బయటి పని చేసి డబ్బు తీసుకోకూడదన్న షరతు చాలా కంపెనీల్లో ఉంటుంది. అది మీకూ ఉంటే, మూడో పుస్తకం ఒప్పుకునేలోపే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.