పెరటి పిట్టలకు ఏ బైనాక్యులర్?

ప్రశ్న: పెరట్లో వాలే పిట్టలను కిటికీ దగ్గర కూర్చుని చూడడానికి బైనాక్యులర్ కొనాలనుకుంటున్నాను. ఎన్ని ఎక్కువ రెట్లు చూపితే అంత మంచిదా? నాకు కళ్లద్దాలు ఉన్నాయి.

జవాబు: కాదండీ. 8×42 అని రాసి ఉంటే, అది వస్తువును 8 రెట్లు పెద్దదిగా చూపుతుందని, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది, చూపులో ఇమిడే మేర సన్నగిల్లుతుంది. అందువల్ల కొమ్మ నుంచి కొమ్మకు గెంతే పిట్టను 12 రెట్ల పరికరంతో వెతికి పట్టుకునేలోగా అది కాస్తా ఎగిరిపోతుంది. మీకు 8 రెట్లు చాలు. తెల్లవారుజామున, మునిమాపు వేళ చూసే అలవాటుంటే వెలుతురును ఎక్కువగా పట్టే 42 మిల్లీమీటర్ల కటకం, బరువు వద్దనుకుంటే 32 తీసుకోండి.

ఇంటి దగ్గర చూసేవారికి అంతకన్నా ముఖ్యమైనది, చాలామంది అడగడం మరిచిపోయేది, ఎంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదురుతుందన్నది. అది 2 మీటర్లకు అటూఇటూగా ఉంటే, కిటికీ పక్క కొమ్మ మీద పిట్ట ముక్కున కరిచిన పురుగు కాళ్లు సైతం స్పష్టంగా కనిపిస్తాయి. 5 మీటర్లయితే అదే పిట్ట మసకగా మిగులుతుంది.

కళ్లద్దాలు తీయకుండా చూడాలంటే ఐ రిలీఫ్, అంటే దృశ్యం మొత్తం కనిపించేలా కంటి వైపు కటకానికి, కంటికి మధ్య ఉండదగిన దూరం, కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించుకోవాలి. ఎంత మంచి పరికరమైనా మూసిన కిటికీ అద్దంలోంచి, అందులోనూ ఏటవాలుగా చూస్తే, బొమ్మ చెదురుతుంది. తలుపు తెరిచే చూడండి.