భరణంలో వాటా అడుగుతున్న లాయరు

ప్రశ్న: మావారు హైదరాబాద్‌లో విడాకుల కేసు వేస్తానంటున్నారు. నేను నాలుగేళ్ల పాపతో గుంటూరులో పుట్టింట్లో ఉన్నాను. ఇక్కడి లాయరుగారు ఇప్పుడు ఫీజేమీ వద్దని, వచ్చే భరణంలో ఇరవై శాతం ఇమ్మంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. కేసులో వచ్చే సొమ్ములో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. పిటిషన్, మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇచ్చేది), సాక్ష్యం, వాదనలు... దేనికెంత ఫీజో కాగితం మీద రాయించుకోండి. కట్టిన డబ్బుకు రసీదు అడగండి. వకాలత్ (మీ తరఫున వాదించే అధికారం లాయరుకిచ్చే పత్రం) చదివి సంతకం చేయండి. తెల్లకాగితాల మీద మాత్రం, ఎంత తెలిసినవారైనా, చేయొద్దు.

మీది హిందూ వివాహమైతే మీరూ గుంటూరులోనే కేసు వేయవచ్చు. లాయరును మొదట అడగాల్సింది ‘గెలుస్తామా’ అని కాదు, ‘ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఎప్పుడు వేస్తారు’ అని. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇరుపక్షాలకూ తప్పనిసరి చేసింది. మధ్యంతర భరణం సంగతి అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతున్నా, ఈ అఫిడవిట్ లేకే వాయిదాలు పడుతుంటాయి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాప స్కూలు ఫీజు రసీదులు, దొరికితే ఆయన జీతం స్లిప్పులు ఇప్పుడే పోగుచేయండి. మీకు సంపాదన ఉంటే దాచొద్దు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు) అదే పట్టుకుంటారు.

ఐదేళ్లలోపు బిడ్డ కస్టడీ సాధారణంగా తల్లికే.

ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.