రాత్రి మూడింటికి మెలకువ వస్తోంది, గుండె దడ... మందుల్లేకుండా తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 42. సహకార బ్యాంకులో ఉద్యోగం. మా వారిది వేరే ఊళ్లో పని, శని, ఆదివారాలు వస్తారు. బాబు ఇంటర్ రెండో ఏడాది. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తయ్యను ఎనిమిది నెలలుగా నేనే చూసుకుంటున్నాను. రాత్రి ఒంటిగంటకు, మూడింటికి లేచి ఆవిడను పక్కకు తిప్పాలి. మూడింటి తర్వాత నిద్ర పట్టదు. గుండె దడ, మెడ పట్టేయడం, కడుపులో మంట. చిన్న మాటకే బాబు మీద అరుస్తున్నాను. ఈసీజీ బాగుంది. థైరాయిడ్‌కు మాత్ర వాడుతున్నాను. డాక్టరుగారు ఇదంతా ఒత్తిడే అన్నారు. పక్కింటావిడ ఇచ్చిన అశ్వగంధ పొడి నెల నుంచి పాలల్లో తాగుతున్నాను. సహజ పద్ధతుల్లో దీన్ని తగ్గించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ అశ్వగంధ డబ్బా మూసి పక్కన పెట్టండి. అది థైరాయిడ్ హార్మోను స్థాయిని పెంచే అవకాశం ఉంది. మీరు వేసుకునే మాత్రకు అదీ తోడైతే దడ, నిద్రలేమి ఎక్కువ కావచ్చు. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. కొందరిలో కాలేయానికి హాని జరిగిన సందర్భాలూ ఉన్నాయి. పొడి వాడిన సంగతి డాక్టరుగారికి చెప్పి, ఆరు వారాలయ్యాక థైరాయిడ్ రక్తపరీక్ష (టీఎస్‌హెచ్) మళ్లీ చేయించుకోండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించినట్టు రాయలేదు. రక్తం తక్కువైనా గుండె దడదడలాడుతుంది, ఆ పరీక్షా చేయించండి. నెలసరి తప్పుతూ, రాత్రిళ్లు చెమటలు పడుతుంటే గైనకాలజిస్టును కలవాలి. ఈ వయసులో మెనోపాజ్‌కు ముందు వచ్చే మార్పులు కూడా నిద్రను పాడుచేస్తాయి.

మూడింటి మెలకువకు డాక్టరుగారు ఒత్తిడి అని పేరు పెట్టారు. అసలు కారణాన్ని మాత్రం మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఎనిమిది నెలలుగా ఆ వేళకు మీరే లేస్తుంటే శరీరం దాన్ని అలవాటు చేసుకోకుండా ఎలా ఉంటుంది? దానికితోడు తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది. మనల్ని లేపడానికి కార్టిసాల్ అనే హార్మోను అప్పటికే మెల్లగా పెరుగుతుంటుంది. ఆ సమయంలో లేచి, బరువు ఎత్తి, ‘పుండు పడుతుందేమో’ అని లైటు వేసి చూస్తే ఒళ్లు పూర్తిగా మేలుకుంటుంది.

ప్రమాదం వస్తే పోరాడడానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, కడుపుకు రక్తం తగ్గి అరుగుదల మందగిస్తుంది. మీ దడ, మెడనొప్పి, మంట ఊహించుకున్నవి కావు. ఈసీజీ బాగుంటే ‘ఏమీ లేదు’ అని అర్థం కాదు. ప్రమాదం గడిచాక ఒళ్లు మామూలు స్థితికి రావాలి. మీకు ఆ గడువే దొరకడం లేదు.

కాబట్టి మీకు కావలసిన మొదటి సహజ చికిత్స వారంలో రెండు రాత్రుల పూర్తి నిద్ర. శని, ఆదివారాలు మీవారు ఇంట్లోనే ఉంటారుగా! ‘మీకేం పట్టదు’ అంటే గొడవతో సరి. ‘ఈ శనివారం రాత్రి ఒంటిగంటకు, మూడింటికి అత్తయ్యను మీరు తిప్పండి, నేను బాబు గదిలో పడుకుంటాను’ అని పనీ, వేళా చెప్పి అడగండి. పగలే ఒకసారి చేయించి చూపించండి. ఎటు తిప్పాలో దానికి అవతలి మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒకటి తుంటి మీద వేసి తన వైపు దొర్లించుకోవాలి. లాగితే చర్మం ఒరుసుకుంటుంది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకొకటి. గోడకు కాగితం అంటించి ఏ వేళకు ఏ పక్కకు తిప్పారో రాయించండి. ఈ ఏర్పాటు చెడేది ఎక్కడంటే, చప్పుడు వినగానే మీరు లేచొచ్చి ‘అలా కాదు, ఇలా’ అని దిండు సర్దడం దగ్గర. రెండుసార్లు అలా జరిగితే ఏ మగవాడైనా ‘నువ్వే చేసుకో’ అని తప్పుకుంటాడు. దిండు కాస్త వంకరగా ఉంటే ఉండనివ్వండి. మిగతా రాత్రుల కోసం, ఎయిర్ బెడ్ వేస్తే తిప్పే వ్యవధి పెంచవచ్చేమో డాక్టరుగారినే అడగండి, సొంతంగా నిర్ణయించకండి. మరిదో ఆడపడుచో దగ్గర్లో ఉంటే వారానికో రాత్రి వాళ్లనూ ఇలాగే అడగండి.

మీ వంతు రాత్రుల్లో పెద్ద లైటు, ఫోను వద్దు. గోడకు చిన్న బెడ్ లైటు చాలు. తిప్పి వచ్చి పడుకున్నాక గడియారం చూడకండి. ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర రాకపోతే హాల్లోకి వెళ్లి, మసక వెలుతురులో ఏ పాత పత్రికో తిరగేసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మంచం ఎక్కండి. పొద్దున లేచే వేళ మాత్రం మార్చొద్దు.

శ్వాస సాధన మీకు బాగా పనికొస్తుంది, కానీ చాలామంది తప్పుగా చేస్తారు. ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అనగానే ఛాతీ నిండా గబగబా పీలుస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు చిమచిమలాడతాయి, భయం ఇంకా పెరుగుతుంది. ముక్కుతోనే, చప్పుడు లేకుండా నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెల దాకా వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు, మొత్తం ఐదు నిమిషాలు. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే అది పొడుగ్గా ఉండాలి. ఊపిరి బిగబట్టడం, కపాలభాతి ఇప్పుడు వద్దు. దడ వచ్చినప్పుడే మొదలుపెడితే కుదరదు. బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పగానే రోజూ చేస్తూ ఉంటే రెండు మూడు వారాలకు పట్టుబడుతుంది. మెడకు: భుజాలు చెవుల దాకా ఎత్తి ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారి వదిలేసి పదిహేను సెకన్లు ఆగండి, ఐదుసార్లు. నొప్పి పుట్టేలా బిగించకండి.

టీ మధ్యాహ్నం రెండు లోపే. సాయంత్రం ఆరింటికి తాగిన టీలోని కెఫీన్ రాత్రి పదకొండుకూ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఒక్కసారే మానేస్తే తలనొప్పి వస్తుంది, మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. నడక అరగంట, వారానికి ఐదు రోజులు. వీలు కాకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు.

బాబు సంగతి: వాడి మార్కుల బెంగ మీకు రాత్రి గుర్తొస్తుందనుకుంటాను. సాయంత్రం ఏడింటికి పావుగంట నోట్‌బుక్ ముందు కూర్చుని ఆ బెంగలన్నీ రాయండి. పక్కన రేపు ఎవరు ఏం చేయాలో రాయండి, చేయగలిగింది లేకపోతే ‘నా చేతిలో లేదు’ అనండి. అరిచిన రోజు ‘నాకు నిద్ర లేదు నాన్నా, నీ తప్పు కాదు’ అని వాడికి చెప్పండి. రెండో ఇంటర్ పిల్లలు అమ్మ కోపాన్ని తమ మార్కులకు ముడిపెట్టుకుంటారు.

మెట్లెక్కితే ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలు వరుసగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా సైకియాట్రిస్టును కలవాలి, అప్పుడు మందులు వద్దని పట్టుబట్టకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రెండు శనివారాలు గడిచినా మీవారు లేవకపోతే ఆదివారం పొద్దున, అత్తయ్య ముందు కాకుండా, ఇద్దరూ కూర్చుని రాత్రి పనికి ఆయాను పెట్టుకునే ఖర్చు లెక్కవేయండి.