కొత్త సెట్ కొనేముందు ఆక్స్ పెంచి చూడు

పెదవాల్తేరు,
ఆదివారం సాయంత్రం

అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పాటలో ఫ్లూట్ ఒక్కటే ఉన్నచోట చెవిలో 'సుయ్'మని హిస్ వస్తోందని, స్టేజీ మీద చెవిలో పెట్టుకుని వినే కొత్త వైర్‌లెస్ సెట్ కొంటే పోతుందని షాపులో చెప్పారని అన్నావు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. ముందు నేను చెప్పినవి చేసి చూడు.

మనిద్దరం ఆర్కే బీచ్‌లో, సబ్‌మెరైన్ ఉన్నవైపు ఇసకలో కూర్చున్నామనుకో. కెరటాల హోరు మనకోసం తగ్గదు. నేను లోగొంతుకతో గొణిగితే నువ్వు చెవి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టుకుంటావు. నా మాట పెరుగుతుంది, దాంతోపాటే హోరూ పెరుగుతుంది. అదే నేను గొంతెత్తి మాట్లాడితే నువ్వు చెయ్యి తీసేసినా వినపడుతుంది. వైర్‌లెస్‌లో ఆ హోరు రేడియో లింకుతోపాటే ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసెయ్యలేం. గొంతెత్తాల్సింది మిక్సర్, అంటే అందులో నీ చెవికి పాట పంపే ఆక్స్ అవుట్‌పుట్. నీ నడుముకున్న రిసీవర్, అదే బెల్ట్ ప్యాక్, దాని వాల్యూమ్ ఆ దొప్ప చెయ్యి. నువ్వు పంపిన ఫోటోలో ఆ నాబ్ దాదాపు చివరికంటా తిప్పి ఉంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

అనుమానంతో సరిపెట్టుకోకూడదు, హిస్ ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. రిహార్సల్‌కి మిగతావాళ్లు రాకముందే వెళ్లు, డ్రమ్స్ మొదలైతే ఇక ఏమీ తెలియదు. ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉంచి, మిక్సర్ నుంచి దానికి వచ్చే కేబుల్ పీకెయ్. ట్రాన్స్‌మిటర్ కూడా ఆపేశావంటే సిగ్నల్ లేనప్పుడు శబ్దం ఆపేసే స్క్వెల్చ్ వల్ల ప్యాక్ మూగబోతుంది, అంతా బాగానే ఉందనుకుని మోసపోతావు. ఇప్పుడు ప్యాక్ వాల్యూమ్ మెల్లగా దించుతూ విను. వాల్యూమ్‌తోపాటు హిస్ కూడా తగ్గిందంటే అది రేడియో లింకులోంచి వస్తోంది. వాల్యూమ్ సున్నా దాకా వచ్చినా హిస్ కదలకుండా అలాగే ఉందంటే అది ప్యాక్‌లోని హెడ్‌ఫోన్ ఆంప్‌ది. తర్వాత కేబుల్ మళ్లీ పెట్టి, ఆక్స్ మొత్తాన్ని హెచ్చించి తగ్గించే ఆక్స్ మాస్టర్ కిందికి లాగి ఉంచి విను. అప్పుడు ఎక్కువైతే మిక్సర్ అవుట్‌పుట్‌నో కేబుల్‌నో చూడాలి. ఆక్స్ పైకి తెచ్చాకే ఎక్కువైతే, ఎవరూ వాడకుండా తెరిచి వదిలేసిన మైకులనీ, ఎవరో ఫ్లూట్ ఛానెల్ మీద గట్టిగా బిగించిన, సౌండ్ హెచ్చుతగ్గుల్ని నొక్కే కంప్రెసర్‌నీ చూడాలి. అంతా కలిపి పది నిమిషాల పని.

నీది రేడియో లింకు కేసే అయ్యుంటుందని నా నమ్మకం. అనలాగ్ సెట్లలో కంపాండర్ అని ఒకటుంటుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గర సౌండ్ హెచ్చుతగ్గుల్ని డెసిబెల్స్ లెక్కన 2:1గా నొక్కి పంపుతుంది, ప్యాక్ దగ్గర మళ్లీ విప్పుతుంది. విప్పేటప్పుడు, ఏమీ వాయించని చోట నాయిస్ అడుక్కి పోతుంది. కానీ సంగీతం బలహీనంగా వెళ్తుంటే, మెత్తటి వాయిద్యం మొదలవగానే దాని వెనకే హిస్ లేస్తుంది, అది ఆగితే ఇదీ పడుకుంటుంది. అందరూ వాయించేటప్పుడు ఆ గోలలో వినపడదు. నువ్వు చెప్పింది సరిగ్గా ఇదే. ఫ్లూట్ ఆయన మైకుని తిట్టారట మీవాళ్లు. ఆయన తప్పేం లేదు.

ఇక మందు. ముందు ఇయర్‌ఫోన్స్ చెవుల్లోంచి తీసెయ్, ప్యాక్ వాల్యూమ్ పూర్తిగా దించెయ్. ఈ వరస తప్పకు. మిక్సర్ పెంచేశాక ప్యాక్ పాత వాల్యూమ్‌లోనే ఉంటే చెవిలో పిడుగు పడ్డట్టే. ప్యాక్‌లో సౌండ్‌ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ ఉంటే అది కూడా ఆన్ చేసుకో. అప్పుడు పాటలో అందరూ కలిసి గట్టిగా వాయించే చోటు వాయించమని అడుగు. మిక్సర్‌లో ఆక్స్ పెంచుకుంటూ ట్రాన్స్‌మిటర్ మీటర్ చూడు. ఆ గట్టి చోట మీటర్ పైభాగానికి రావాలి, పీక్ లైటు మాత్రం వెలగకూడదు. అప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ప్యాక్ వాల్యూమ్ సున్నా నుంచి నీకు చాలినంత వరకే తీసుకురా. మిక్సర్ వైపు 10 డెసిబెల్స్ పెంచి ప్యాక్‌లో అంతే తగ్గించావనుకో, పాట నీకు అంతే వినపడుతుంది, లింకులో పుట్టిన హిస్ మాత్రం చెవికి తగ్గినట్టు ఉంటుంది. ఇందులో పైసా ఖర్చు లేదు.

ఆక్స్ చివరిదాకా తోసినా మీటర్ లేవకపోతే ట్రాన్స్‌మిటర్ ఇన్‌పుట్ సెట్టింగ్ చూడు. కొన్నిటికి వెనక, వచ్చే సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉంటుంది, కొన్నిటికి మెనూలో సెన్సిటివిటీ అని ఉంటుంది. పెద్ద మిక్సర్లు +4 డీబీయూ లెక్కన పంపుతాయి, చిన్న సామాను చాలావరకు -10 డీబీవీ. రెండింటికీ తేడా దాదాపు 12 డెసిబెల్స్. చిన్న మిక్సర్ పెట్టుకుని, ట్రాన్స్‌మిటర్‌ని పెద్దదానికి సెట్ చేసి వదిలేస్తే ఆ 12 డెసిబెల్స్ నీ ప్యాక్ మోయాలి.

నాకివన్నీ పుట్టుకతో వచ్చాయనుకోకు. స్టేజీ నేలమీద పెట్టే స్పీకర్లు, ఆ వెడ్జ్‌లు మోసి మోసి, చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్‌లకి మారిన కొత్తలో, బీచ్ రోడ్డులో ఒక రిసెప్షన్. పాడే అమ్మాయి ప్రతి పాటకీ నావైపు తిరిగి చెవి చూపిస్తోంది. మన ఊరి సౌండోళ్లకి ఒక సుఖం ఉంది తెలుసుగా, ఏ గోల వచ్చినా డాల్ఫిన్స్ నోస్ వైపు చెయ్యి చూపించి 'నేవీ రాడార్ అండీ' అనేస్తాం. ఇంకెవరూ ప్రశ్న వెయ్యరు. నేనూ అదే అని, మూడుసార్లు ఫ్రీక్వెన్సీ మార్చాను. చివరికి కేబుళ్లు చుట్టే కుర్రాడు వచ్చి, "మాస్టారూ, ఇది ఇక్కడే ఉండాలా?" అని అడిగాడు. ఆక్స్ మాస్టర్ -30 దగ్గర పడి ఉంది. రాడార్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ అమ్మాయి వెళ్లేటప్పుడు నాకు నమస్కారం కూడా పెట్టలేదు.

ఒకవేళ పరీక్షలో రెండోది తేలితే, అంటే వాల్యూమ్ దించినా హిస్ పోకపోతే, నీ ఇయర్‌ఫోన్స్ సంగతి చూడాలి. షూర్ ఎస్ఈ215 లాంటిది 1 మిల్లీవాట్‌కి 107 డెసిబెల్స్ ఇస్తుంది. లోపల చాలా డ్రైవర్లు, అంటే బుల్లి స్పీకర్లు, పెట్టిన కొన్ని 120 దాకా పోతాయి. రెండింటి ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు, ఓముల్లో) దాదాపు ఒకటే అయితే, అదే ప్యాక్ ఆంప్ హిస్ రెండోదాంట్లో 13 డెసిబెల్స్ ఎక్కువ వినపడుతుంది. ఖరీదైన ఇయర్‌ఫోన్స్ కొన్నాకే హిస్ మొదలైందని చాలామంది లబలబలాడేది ఇందుకే. దీనికి మధ్యలో పెట్టే అటెన్యూయేటర్ దొరుకుతుంది, వేలెడంత ముక్క. అది పాటనీ హిస్‌నీ రెండింటినీ తగ్గిస్తుంది, నువ్వు ప్యాక్ వాల్యూమ్ పెంచి పాటని వెనక్కి తెచ్చుకుంటావు, ఆంప్ హిస్ మాత్రం కిందే ఉండిపోతుంది. ఉత్త రెసిస్టర్ ఒక్కటి సిరీస్‌లో పెట్టి ఇస్తారు కొందరు. మల్టీ డ్రైవర్ వాటికి అలా చేస్తే టోన్ మారిపోతుంది, వద్దు.

రేడియో వైపు కూడా రెండు మూడు చూసుకో. స్టీరియో ఎఫ్‌ఎమ్‌లో కుడి ఎడమల తేడాని పై పౌనఃపున్యంలో కలిపి పంపుతారు, ఎఫ్‌ఎమ్‌లో నాయిస్ పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. అందుకని అదే సిగ్నల్ మీద స్టీరియోకి హిస్ ఎక్కువ, మోనోకి తక్కువ. నువ్వు వినేది క్లిక్కూ, నీ కీబోర్డూ, గాయకుడి గొంతూ. స్టీరియో ఎందుకు? ట్రాన్స్‌మిటర్‌లోనే మోనో పెట్టు. ప్యాక్‌లో పై స్వరాల్ని పెంచే హై బూస్ట్ ఆన్‌లో ఉంటే ఆపెయ్, అది హిస్‌కే పాలు పోసి పెంచుతుంది.

ట్రాన్స్‌మిటర్‌ని ఎల్‌ఈడీ వాల్ వెనకో, ఆంప్ ర్యాక్ అడుగునో దాచకు. నీకు దాని యాంటెన్నా కళ్లకి కనపడాలి, మనుషుల తలలకంటే ఎత్తున ఉండాలి. మనిషి ఒళ్లంతా నీళ్లే, ఈ సెట్లు వాడే యూహెచ్‌ఎఫ్ తరంగాల్ని బాగా అడ్డుకుంటుంది. 500 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం 60 సెంటీమీటర్లు, నీ ప్యాక్ తోక, అంటే దాని యాంటెన్నా, అందులో ఇంచుమించు నాలుగోవంతు. దాన్ని మడిచి జేబులో కుక్కుతావు చూడు, అది మానెయ్. చాలా ప్యాక్‌లకి ఇయర్‌ఫోన్ వైరు కూడా యాంటెన్నాలా పనిచేస్తుంది, దాన్నీ ఉండలా చుట్టకు.

మీ బృందంలో మూడు సెట్లు ఉన్నాయన్నావు. ఫ్రీక్వెన్సీలు సమాన దూరంలో పెట్టకండి. 520.0, 520.8 మెగాహెర్ట్జ్ పెట్టారంటే, ఆ రెండూ కలిసి 521.6 దగ్గర తమంతట తామే ఒక దొంగ సిగ్నల్ పుట్టిస్తాయి. మొదటిదాన్ని రెండోదానికి రెట్టింపులోంచి తీసేస్తే వచ్చే లెక్క అది. మూడోవాడు 'వరసగా ఉన్నాయి కదా' అని 521.6 పెట్టుకుంటే వాడి చెవికి నరకం. కంపెనీ వాళ్లు ఇచ్చిన ఒకే గ్రూపులోంచి మూడు ఛానెళ్లు తీసుకుంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో సెట్ చూశానన్నావే, దాని మీద మెగాహెర్ట్జ్ అంకె చదువు. 703-748, 758-803 మధ్యది అయితే ముట్టుకోకు. 2022 వేలం తర్వాత ఆ బ్యాండ్ ఫోన్లకి పోయింది, చవగ్గా అమ్మడానికి కారణం అదే కావచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్‌వి చవకే. సిగ్నల్ తగ్గితే అవి హిస్ చెయ్యవు, ఏకంగా తెగిపోతాయి. జనం ఫోన్లన్నీ ఒకచోట చేరే ఫంక్షన్ లాన్‌లో నేనైతే వాటిని నమ్మను.

'కరకర', 'టప్' అని వస్తే అది హిస్ కాదు, మన ఉప్పుగాలి. జాక్ మీద ఆకుపచ్చగా పట్టిందేమో చూడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచుకో. బ్యాటరీలు షోకి షోకి కొత్తవి వెయ్యి. సగం అయిపోయినవి ఇంట్లో రిమోట్‌కి వాడుకో.

ఇంకోమాట. ఇయర్‌ఫోన్ రబ్బరు నీ చెవికి సరిగ్గా అతుక్కోకపోతే బయటి డ్రమ్స్ లోపలికి వచ్చి, నువ్వు వాల్యూమ్ పెంచి, హిస్ కూడా పెంచుకుంటావు. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు వినొచ్చంటారు, 88 అయితే 4 గంటలే. మూడు మూడు పెరిగేకొద్దీ సమయం సగమైపోతుంది. నా ఎడమ చెవి ఇప్పుడు ఎలా ఉందో నీకు తెలుసు. ఫోమ్ టిప్స్ రెండు మూడు సైజులు తెచ్చి పెట్టుకుని చూడు.

శనివారం నేను గాజువాక వైపు వస్తున్నాను. నా దగ్గరున్న అటెన్యూయేటర్ తెస్తాను, అవసరమైతే వాడుకుందువుగాని. మీ అత్త, అక్కకోసం మాడుగుల హల్వా కూడా ఇస్తానంది. ఆలోగా ఆక్స్ పెంచి, ట్రాన్స్‌మిటర్ మీటర్ ఎక్కడిదాకా లేచిందో ఫోటో తీసి పంపు. ప్యాక్ నాబ్ కూడా ఆ ఫోటోలో కనపడాలి.

మీ పెద్ద మావయ్య