ప్యాటర్న్ ప్రింటు: కత్తెర కన్నా ముందు స్కేలు పట్టండి

కుట్టుపని – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను ఇంట్లోనే జాకెట్లు, కుర్తీలు కుడుతుంటాను. ఈమధ్య ఒక కుర్తీ ప్యాటర్న్ (బట్ట కత్తిరించడానికి వాడే కాగితపు నమూనా) పీడీఎఫ్ కొని, ఫోనులోంచి జెరాక్స్ షాపుకు పంపి ఏ4 కాగితాల మీద ప్రింటు తీయించుకున్నాను. ఛాతీ 36 సైజే ఎంచుకున్నా కుర్తీ బిగుతుగా వచ్చింది. అతికించేటప్పుడు కాగితాల మీది గీతలు కూడా సరిగ్గా కలవలేదు. లోపం ప్యాటర్న్‌లోనా, నా కుట్టులోనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ కుట్టును అనుమానించే ముందు ఆ కాగితాల్లో మొదటిదాన్ని తీసి చూడండి. దాని మీద ఒక చిన్న చదరం, పక్కనే దాని కొలత ముద్రించి ఉంటాయి. ఆ చదరాన్ని అడ్డంగానూ నిలువుగానూ స్టీలు స్కేలుతో కొలవండి. వాడి వాడి సాగిపోయిన బట్ట టేపు ఈ పనికి పనికిరాదు. 10 సెంటీమీటర్లు ఉండవలసిన గీత 9.7 మాత్రమే ఉంటే ప్రింటు 97 శాతానికి కుదించుకుపోయిందని అర్థం. అప్పుడు 36 అంగుళాల ఛాతీ 35 కన్నా కాస్త తక్కువకే వస్తుంది. చదరం ఒక్క అంగుళానిదే అయితే ఈ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కనుక కంటికి ఆనదు. అలాంటప్పుడు ప్యాటర్న్‌లో కొలత రాసి ఉన్న పొడవాటి గీత ఏదైనా ఉంటే దాన్నే కొలిచి చూసుకోవాలి.

షాపుల్లో ఇలా జరగడానికి కారణం ఉంది. మామూలు కాగితాలకు అంచులు తెగిపోకుండా కంప్యూటరు బొమ్మను కాగితానికి సరిపెట్టి కాస్త కుదిస్తుంది. ప్రింటు పేజీలో ‘ఫిట్’ అని ఉన్నచోట ‘యాక్చువల్ సైజ్’ గానీ 100 శాతం గానీ పెట్టమని చెప్పి, ముందుగా చదరం ఉన్న ఒక్క పేజీనే తీయించి, అక్కడే కొలిచి, సరిపోయాకే మిగతావి తీయించండి. ఫైలును స్క్రీన్‌షాట్‌గా కాక పీడీఎఫ్‌గానే పంపండి. అమెరికా ప్యాటర్న్‌లు చాలావరకు లెటర్ సైజుకు తయారవుతాయి. ఆ కాగితం ఏ4 కన్నా సుమారు 6 మిల్లీమీటర్లు వెడల్పు, 18 మిల్లీమీటర్లు పొట్టి. ఏ4 ఫైలు విడిగా ఇచ్చి ఉంటే అదే వాడండి.

ఇక గీతలు కలవకపోవడం. ప్రతి కాగితానికీ నాలుగు అంచులూ కత్తిరించకండి. ఎడమ అంచు, పై అంచు మాత్రమే గీత వెంబడి కత్తిరించి, కుడి, కింది అంచులను అలాగే ఉంచండి. ఎడమ అంచు కత్తిరించిన కాగితం దాని పక్కదాని కుడి అంచు మీద కూర్చుంటుంది. కాగితం అంచును కాదు, గీతనూ గుర్తునూ చూసి కలపాలి. మొదట ఒక్కో వరసను విడిగా అతికించి, తరువాత వరసలను కలపండి. ఫ్యాను ఆపేసి, నేల మీద టైల్సు మధ్య ఉండే తిన్నని గీతకు వరస అంచును ఆనించి పెడితే వంకర పోతున్నదీ లేనిదీ వెంటనే తెలిసిపోతుంది. ఒక్కో అతుకు దగ్గర 2 మిల్లీమీటర్లు ఎక్కువగా ఎక్కిస్తే, రెండు అతుకులు దాటిన ముక్కలో 4 మిల్లీమీటర్లు తగ్గుతాయి. మడత మీద వేసి కత్తిరిస్తే అది 8 అవుతుంది. ముందు భాగం, వెనక భాగం కలిపితే 16, అంటే అర అంగుళానికి పైనే. మీ కుర్తీ బిగుతులో దీనికీ పాలు ఉండవచ్చు.

సీసా గమ్ము తడికి కాగితం ముడతలు పడుతుంది కాబట్టి గమ్ స్టిక్ వాడండి. సెల్లో టేపు మీద ఇస్త్రీపెట్టె తగిలితే కరిగి అంటుకుంటుంది. మన నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు ముసురులో కాగితం తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది. ఆ రోజుల్లో ప్రింటు తీసిన వెంటనే అతికించి, అన్ని కాగితాలూ ఒకే తీరున ఉన్నప్పుడే బ్రౌన్ షీటు మీదికి గీసుకోవడం మంచిది. ఈ అతుకుల బాధ వద్దనుకుంటే, ఇళ్ల ప్లాన్లు తీసే షాపులో ఏ0 ఫైలును ఒకే పెద్ద కాగితం మీద తీయించండి. అది 16 ఏ4 కాగితాలతో సమానం. అక్కడ కూడా చదరాన్ని కొలవడం మానకండి.

ప్రశ్న: వెంకటగిరి నూలు చీరతో కుర్తీ కుట్టాలి. చీర అంచు కుర్తీ కింది ఘేరా (చుట్టు అంచు) దగ్గర రావాలి. ప్యాటర్న్ మీద పొడవాటి బాణం గుర్తు ఉంది. దాన్ని ఎటు పెట్టాలి? కుట్టు మార్జిన్ (కుట్టు కోసం వదిలే బట్ట) విడిగా కలపాలా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ బాణం పడుగు దిశను, అంటే బట్ట పొడవునా సాగే దారాల దిశను చూపుతుంది. మామూలుగా దాన్ని బట్ట అంచుకు సమాంతరంగా పెట్టాలి. చీర అంచు కింద రావాలంటే మాత్రం బాణాన్ని అడ్డంగా తిప్పక తప్పదు. మామూలు నూలు నేతలో ఇది చెల్లుతుంది, కానీ ముందు, వెనక, చేతులు అన్నింటినీ ఒకేలా తిప్పాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వేస్తే ఉతికాక ఒక్కో ముక్క ఒక్కో తీరున సాగుతుంది. ఇలా వేసినప్పుడు కుర్తీ పొడవు చీర పన్నాను (వెడల్పును) మించకూడదు, కత్తిరించే ముందే చూసుకోండి. సాగే బట్టకు తయారైన ప్యాటర్న్‌ను ఎన్నడూ తిప్పవద్దు.

మార్జిన్ సంగతి సూచనల పేజీలో రాసి ఉంటుంది. అమెరికా పెద్ద కంపెనీల ప్యాటర్న్‌లలో సాధారణంగా 5/8 అంగుళం కలిపే ఉంటుంది, యూరప్ ప్యాటర్న్‌లు కొన్నింటిలో అసలు ఉండదు. మన టైలర్లు పక్క కుట్ల దగ్గర లోపల ఒక అంగుళం వదులుతారు కదా, తరువాత విప్పుకోవడానికి. ఆ అలవాటు చాలా మంచిది. దాన్ని పక్కలకే కలపండి. మెడకూ చంకకూ కలిపితే ఆకారం చెడుతుంది.

ప్రశ్న: ఒక ప్యాటర్న్ కొని, ప్రింటు తీసి, నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఇవ్వవచ్చా?
– ఒక టైలరింగ్ టీచరు, నెల్లూరు

జవాబు: చాలా ప్యాటర్న్‌లు కొన్నవారి సొంత వాడకానికే ఇస్తారు. ఫైలును గానీ ప్రింటును గానీ పంచేందుకు అనుమతి ఉందో లేదో సూచనల పేజీలో చూడండి, లేకపోతే తయారుచేసినవారికి రాసి అడగండి. తరగతికి ఉచిత ప్యాటర్న్‌లు కూడా దొరుకుతాయి, వాటి షరతులు కూడా ఒకసారి చదవండి. పిల్లల చేత మొదట ఒక్క పేజీ తీయించి, చదరం కొలిపించండి.