టీవీ ముందు నుంచి ఎవరు లేచారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మూడో పేజీ దగ్గర చిరాకేసి పక్కన పెట్టేశాను. రాత్రి మళ్ళీ తీసి ఆఖరి పేజీ చూశాను. టీవీ కట్టేశాక తెర మధ్య తెల్లటి చుక్క ఒకటి మిగలడం, పెద్దావిడ అది ఆరిపోయేదాకా కుర్చీలోంచి లేవకపోవడం. ఆ పాత సెట్లు అలాగే చేసేవి. నువ్వు పుట్టకముందు సంగతి నీకెవరు చెప్పారో గానీ, ఆ రెండు వాక్యాల వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. మెచ్చుకోవడం ఇంతటితో అయిపోయింది.

1973లో మాంచెస్టర్‌లో ఒక శనివారం సాయంత్రం అన్నావు. నీ కథానాయకుడు సోఫాలో పడుకుని రిమోట్‌తో చానల్ ఫోర్ పెడతాడు. చానల్ ఫోర్ వచ్చింది 1982 నవంబరు 2న. 1973లో అక్కడ ఉన్న చానళ్ళు మూడే: బీబీసీ వన్, బీబీసీ టూ, ఐటీవీ. అందులోనూ బీబీసీ టూ చూడాలంటే బొమ్మని 625 గీతలుగా చూపే కొత్త రకం సెట్, 625 లైన్ల సెట్ కావాలి. పాత 405 లైన్ల డబ్బా ఉన్న ఇంట్లో రెండే చానళ్ళు. మార్చాలంటే ఎవరో ఒకరు లేచి వెళ్ళి మీట నొక్కాలి. చాలా ఇళ్ళలో సెట్టు సొంతం కాదు, అద్దెది. కొన్నింటికి వెనక డబ్బా బిగించి ఉండేది, నాణెం వేస్తేనే బొమ్మ వస్తుంది. సినిమా రక్తి కట్టిన సమయానికి నాణెం అయిపోయిందంటే ఇల్లంతా జేబులు తడుముకోవాల్సిందే. నీ కథలో ఎవరూ ఒక్కసారి కూడా లేవరు.

ఇవి చిన్న తప్పులు, ఎవరైనా దిద్దుతారు. నన్ను మండించింది ఆ పేర్ల జాబితా. పేజీన్నర పొడుగునా ప్రోగ్రాముల పేర్లు వరసగా! ఈ మధ్య మన కథలకూ ఇదే రోగం పట్టింది. దూరదర్శన్, చిత్రహార్, సబ్బు ప్రకటన, ఆదివారం పొద్దుటి సీరియల్, పేర్లు చెప్తే చాలు పాఠకుడి కళ్ళు చెమ్మగిల్లుతాయని నమ్మకం. సంపాదకులూ వాటికే ప్రత్యేక సంచికలు వేస్తున్నారు. వేసుకోనీ. పేరు రాస్తే సాయంత్రం రాసినట్టు కాదు.

నేను ముప్పై ఏళ్ళుగా అందరికీ చెప్పి విసిగిస్తున్న మాట నీకూ చెప్తాను. టీవీ గురించి రాసేవాడు ప్రోగ్రామ్ రాయకూడదు, రెండు ప్రోగ్రాముల మధ్య ఖాళీ రాయాలి. బ్రిటిష్ టీవీకి ఆ ఖాళీ కావలసినంత ఉండేది. 1957 ఫిబ్రవరి దాకా సాయంత్రం 6 నుంచి 7 వరకు ప్రసారమే లేదు. పిల్లల్ని పడుకోబెట్టుకోండని తల్లులకు ఆ గంట వదిలేశారు. వారానికి ఎన్ని గంటలు ప్రసారం చేయాలో 1972 మొదలయ్యేదాకా ప్రభుత్వమే లెక్క కట్టేది. 1953లో బీబీసీ వాళ్ళు ప్రోగ్రాముల మధ్య సందుల్లో వేయడానికి కుమ్మరి సారె ఫిల్ము ఒకటి తీశారు. చేతులు మట్టిని తిప్పుతూనే ఉంటాయి, కుండ మాత్రం పూర్తి కాదు. నేను ఇంగ్లండ్ వెళ్ళేసరికి అది లేదు గానీ, మా పక్కింటి ముసలావిడ ఏ సీరియల్ గురించీ అంత మురిపెంగా చెప్పేది కాదు. రాత్రి బీబీసీ వన్ ముగింపులో జాతీయ గీతం, సెట్టు కట్టేయమని ఒక మర్యాద మాట, ఆ తర్వాత ఉత్త కూత.

ఈ ఖాళీ ఎంత పెద్దదో కరెంటు వాళ్ళని అడగాలి. పేరున్న ప్రోగ్రామ్ అవగానే దేశమంతా ఒకేసారి లేచి టీకి కెటిల్ పెట్టేది. గ్రిడ్ కంట్రోల్ రూముల్లో ఇంజనీర్లు టీవీ ప్రోగ్రాముల పట్టిక దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్ళు, ఏది ఎన్నింటికి అయిపోతుందో చూసుకుంటూ. 1990 జులై 4న ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ వరల్డ్ కప్ సెమీఫైనల్ పెనాల్టీలతో ముగిసినప్పుడు ఒక్కసారిగా 2,800 మెగావాట్ల వాడకం పెరిగింది. జనం ఏం చూశారన్నది కాదు నాయనా, చూడటం మానిన క్షణం మీటర్ల మీద కనపడింది.

ఇంకో మాట. నీ జాబితాలో బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షోని 'ఆహ్లాదకరమైన పాటల కార్యక్రమం' అన్నావు. అది ఏమిటో తెలుసుకునే రాశావా? తెల్లవాళ్ళు మొహాలకు నల్లరంగు పూసుకుని పాడే షో. 1958లో మొదలై 1978 దాకా బీబీసీలో నడిచింది. ఆపేయమని 1967లోనే జాతి వివక్షకు వ్యతిరేకంగా పనిచేసే సంస్థ అర్జీ పెట్టింది. బీబీసీ ఆపలేదు.

1973లో మావారు ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఒక మిల్లుల ఊళ్ళో జూనియర్ డాక్టరు. ఆస్పత్రి క్వార్టర్లలో మాకు టీవీ లేదు, కామన్ రూంలో ఒకటి ఉండేది. శనివారం రాత్రి అందరం చేరేవాళ్ళం. జమైకా నుంచి వచ్చిన నర్సు ఒకావిడ నా పక్కన ఊలు అల్లుకుంటూ కూర్చునేది. ఆ షో మొదలవగానే లేచి "టీ ఎవరికి కావాలి?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది అయ్యేదాకా తిరిగి వచ్చేది కాదు. దేశమంతా ప్రోగ్రామ్ అయ్యాక కెటిల్ పెట్టేది, ఆవిడ మధ్యలో పెట్టేది. గదిలో ఒక్కరూ ఏమీ అనలేదు. టీ మాత్రం అందరూ తాగారు, నాతో సహా.

నా మొదటి కథ అదే. 1973 డిసెంబరు 17 నుంచి కరెంటు పొదుపని రాత్రి పదిన్నరకల్లా టీవీ ప్రసారాలు ఆపేయించారు. బొగ్గు గనుల్లో ఓవర్‌టైం మానేశారు, చమురు ధర మండిపోతోంది. మావారికి రాత్రి డ్యూటీ. పదిన్నర దాటాక ఆ చలిలో చేయడానికి పనేమీ లేదు. గ్లవ్స్ వేసుకునే రాశాను. తూకం పెరిగితే తపాలా ఖర్చు భరించలేక నీలం ఏరోగ్రాముల మీద, అంటే మడిచి అంటించి పంపే పల్చటి విదేశీ ఉత్తరాల మీద, చిన్న అక్షరాలతో ఇరికించి ఇంటికి పంపితే, మా అక్క తెల్ల కాగితాల మీద ఎత్తి రాసి వారపత్రికకు ఇచ్చింది. సంపాదకుడి జవాబు ఒకటే ముక్క: "నర్సు లేచి వెళ్ళడంలో సంఘటన లేదు, అక్కడ ఏదైనా జరిపించండి." జరిపించలేదు. తర్వాత ఆయనే సభల్లో నన్ను తన పత్రిక పరిచయం చేసిన రచయిత్రిగా చెప్పుకున్నాడు. ఆయన లేడిప్పుడు గానీ, ఆ జబ్బు పోలేదు. నీ కథలో మూడో పేజీలో ఉన్నట్టుండి వచ్చే ఆ కొట్లాట ఎవరో పెట్టమంటే పెట్టినట్టుంది. తీసెయ్యి.

మనవాళ్ళ కోసం ఏమీ వేసేవాళ్ళు కారా అని అడిగావు. ఆదివారం పొద్దున 'నయీ జిందగీ నయా జీవన్' వచ్చేది, 1968 నుంచి. హిందుస్తానీలో. తెనాలి పిల్లని, హిందీ ఎక్కడ వచ్చు? మన కోసమే వేశారన్న మొహమాటానికి కూర్చుని చూసేదాన్ని. దానికంటే ఐటీవీలో వచ్చే గ్రానడా కంపెనీ వాళ్ళ సీరియల్ కారొనేషన్ స్ట్రీట్ నయం. సోమవారం, బుధవారం రాత్రి ఏడున్నరకి. అందులో ఆడవాళ్ళు మాట్లాడిన మాటే మర్నాడు లాండ్రీ గదిలో వినపడేది. ముందురోజు చూడకపోతే ఆ గదిలో నోరు విప్పే వీల్లేదు. రికార్డు చేసుకుని తర్వాత చూడటమనేది మాకు తెలీదు.

సంభాషణల్లో ఇంగ్లీషు ఎంత ఉండొచ్చు అన్నావు. మనిషి నోటికి వచ్చినంత. కలం పేరు సంగతి, ఏ పత్రిక ఎంత ఇస్తుందన్న సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు చేయవలసింది ఇది. మూడు నుంచి అయిదు పేజీలు కొట్టెయ్యి. శనివారాన్ని బుధవారం చెయ్యి, జాబితా దానంతటదే రాలిపోతుంది. డిసెంబరు 17కి ముందో వెనకో తేల్చుకో, లేకపోతే నీ రాత్రి పదకొండున్నర సినిమా నిలబడదు. ఆ ఇంట్లో రేడియో టైమ్స్ కొనేవాళ్ళా, టీవీ టైమ్స్ కొనేవాళ్ళా? రెండూ టీవీ ప్రోగ్రాముల పట్టికలు వేసే వారపత్రికలు. అప్పట్లో మొదటిదాంట్లో బీబీసీ వివరాలే, రెండోదాంట్లో ఐటీవీవే ఉండేవి. రెండూ కొనే ఇల్లయితే డబ్బున్న ఇల్లు, అప్పుడు నీ పెద్దావిడ వేరే మనిషవుతుంది. వంటిల్లు ఎటుందో, అక్కడికి టీవీ వినపడుతుందో లేదో కూడా నాకు తెలియాలి. నర్సుని మాత్రం ముట్టుకోకు, ఆవిడ నాది.

తిరగరాసి సంక్రాంతి లోపల పంపు. పండగ వెళ్ళాక కంటి ఆపరేషన్ పెట్టుకున్నాను, నెలరోజులు చదవనివ్వరట. అక్షరం కాస్త పెద్దది పెట్టి ప్రింటు తీయించు.

ఆశీస్సులతో,
మీ పిన్నమ్మ లాంటిదాన్ని