పరిమితి లేదన్న కార్డు మీద జనరేటర్ కొనబోయిన అనుభవం

రాజోలు దగ్గర కొబ్బరి పీచు యూనిట్‌కు 5 లక్షల రూపాయల యంత్రం కొనబోతున్నారనీ, మీ చార్జి కార్డుకు (వాడిన మొత్తమంతా బిల్లు రాగానే కట్టవలసిన కార్డు) ముందుగా నిర్ణయించిన ఖర్చు పరిమితి ఏదీ లేదు కనుక నేరుగా దుకాణానికి వెళ్ళి కార్డు గీకితే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. అలాగే అనుకుని వెళ్ళి భీమవరంలో ఒక దుకాణం కౌంటరు ముందు తెల్లమొహం వేసుకుని నిలబడ్డవాడిని కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

పరిమితి ముందుగా నిర్ణయించలేదు అంటే పరిమితే లేదని అర్థం కాదు. క్రెడిట్ కార్డులో మీకు ఒక అంకె చెప్పి, అంతలోపు ఎంతైనా వాడుకోమంటారు. చార్జి కార్డులో ఆ అంకె చెప్పరు. మీరు గీకిన ప్రతిసారీ మీ పాత ఖర్చుల తీరు, బిల్లులు కట్టిన తీరు, మీరు చూపిన ఆదాయం, ఇప్పటికే ఉన్న బాకీ లెక్కలోకి తీసుకుని అప్పటికప్పుడు అవుననో కాదనో తేల్చుతారు. నెలకు 40 వేలు దాటని చేయి ఒక్కసారిగా 5 లక్షలు అడిగితే, అడిగింది మీరా, కార్డు దొంగిలించిన మరొకరా అన్న అనుమానం వారికి రావడం సహజమే.

నా విషయంలో అదే జరిగింది. ఉండి ఊరి వైపు మాకు వనామి రొయ్యల చెరువులు ఉన్నాయి. రెండేళ్ళ క్రితం వేసవిలో పాత జనరేటర్ మొరాయించడంతో 6 లక్షల 20 వేలకు కొత్తది మాట్లాడుకున్నాను. అప్పటి వరకు ఆ కార్డు మీద మేత, డీజిల్ తప్ప మరేమీ కొనలేదు. దుకాణంలో మొదటిసారి గీకితే తిరస్కరించినట్లు చిన్న చీటీ వచ్చింది. సిగ్నల్ లోపమేమో అనుకుని మరో రెండుసార్లు గీకాను. ఆ తొందరే నా తప్పు: మూడోసారి తర్వాత కార్డును తాత్కాలికంగా నిలిపివేసినట్లు సందేశం వచ్చింది. బయట క్రేను తాడుకు వేలాడుతున్న జనరేటర్‌ను మళ్ళీ నేల మీదకు దించుతుంటే, దుకాణం ఆయన ఏమీ అనకుండా నా ముందు టీ గ్లాసు పెట్టారు. ఆ మర్యాద తిట్టినదాని కన్నా ఎక్కువగా గుచ్చుకుంది. కార్డు సంస్థతో దాదాపు ముప్పావు గంట మాట్లాడాక, 2 లక్షలు ముందుగా ఖాతాలో జమ చేస్తే మిగిలినది అనుమతించగలమని చెప్పారు. డబ్బు బ్యాంకులో ఉంది కాబట్టి ఆ సాయంత్రమే కట్టాను, జనరేటర్ మర్నాడు వచ్చింది. ఈ మధ్యలో రాత్రంతా మబ్బు పట్టి, రెండుసార్లు కరెంటు పోయింది. పక్క రైతు జనరేటర్ నుంచి తీగ లాక్కుని, చెరువు నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాను. ఆ రాత్రి టార్చి వేసి గట్టు వారన గాలి అందక రొయ్య పైకి తేలుతోందా అని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

అందువల్ల మీరు కొనడానికి రెండు మూడు వారాల ముందే కార్డు సంస్థకు ఫోన్ చేయండి. ఎంత మొత్తం, ఏ తేదీన, ఏ దుకాణంలో, ఏ వస్తువు కోసం అన్న నాలుగూ చెప్పండి. ఆదాయపు పన్ను రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్ అడగవచ్చు, దగ్గర పెట్టుకోండి. కొన్ని సంస్థల యాప్‌లో ఫలానా మొత్తం అనుమతిస్తారా అని అడిగి చూసుకునే సదుపాయం ఉంది. అది అవునన్నా ఆ జవాబు ఆ క్షణానికే చెల్లుతుంది కనుక బయలుదేరే రోజు పొద్దున్న మళ్ళీ చూసుకోవాలి. అనుమానంగా ఉంటే కొంత మొత్తం ముందే జమ చేయడం అన్నిటికన్నా సులువైన దారి. మొత్తాన్ని 50 వేల చొప్పున పది ముక్కలుగా గీకుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒకే చోట వరుసగా గీకితే అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

కార్డు పిన్ గుర్తుందో లేదో కూడా చూసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 5 వేలు దాటిన కొనుగోలుకు కార్డు ఆనిస్తే చాలదు, పిన్ కొట్టవలసిందే. 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ లావాదేవీల వంటి వాటిని మనమే ఆన్ చేసుకోవాలి, ఒక్కొక్క దానికి మనం పెట్టుకున్న హద్దు కూడా ఉంటుంది. దుకాణం వారు లింకు పంపి కట్టమంటే, అది ఆన్ చేసి లేకపోతే ఈ మీట దగ్గరే పని ఆగిపోతుంది.

ఇక దుకాణం వైపు చూడవలసినవి. వారి మెషీన్ మీ రకం కార్డును తీసుకుంటుందా, ఒక్కసారికి అంత మొత్తం అనుమతిస్తుందా అని ముందే అడగండి. మెషీన్ ఏ పేరు మీద ఉందో కూడా అడగండి. మన వైపు ఒక దుకాణంలో బేరమాడితే తమ్ముడి దుకాణం పేరున్న మెషీన్ తెచ్చి పెట్టడం మామూలే, మీరు కార్డు సంస్థకు చెప్పిన పేరు, బిల్లులో వచ్చే పేరు కలవకపోతే మళ్ళీ చిక్కు. కార్డు అయితే 2 శాతం ఎక్కువ ఇమ్మంటే, 5 లక్షల మీద అది 10 వేలు. కార్డు వాడినందుకు మీకు వచ్చే పాయింట్ల విలువ అంతకు మించదనుకుంటే బ్యాంకు బదిలీయే మేలు. నా మటుకు నేను ఆ 2 శాతం ఎన్నడూ ఇవ్వలేదు.

అసలు సంగతి డబ్బు. క్రెడిట్ కార్డులో లాగా కనీస మొత్తం కట్టి మిగతాది వచ్చే నెలకు తోసే వీలు ఇక్కడ సాధారణంగా ఉండదు, బిల్లు వస్తే మొత్తం కట్టాలి. కనుక ఆ 5 లక్షలు ముందే బ్యాంకులో ఉండాలి. కొబ్బరి సరుకు అమ్మితే వస్తుంది, రొయ్య పట్టుబడి అయితే వస్తుంది అనుకోవడం నీళ్ళలో గేదెను ఉంచి బేరమాడడమే. సరుకు వెళ్ళాక కూడా కొనుగోలుదారు చెప్పిన తేదీకి డబ్బు వేస్తాడని నేనైతే నమ్మను. ఏడాదిలో కార్డు బిల్లుల కింద మీరు బ్యాంకు ద్వారా కట్టినది 10 లక్షలకు చేరితే ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు వెళుతుంది. జీఎస్టీ ఇన్వాయిస్ మీ యూనిట్ పేరు మీదే తీసుకుని దాచండి.

మీ స్టేట్‌మెంట్ ప్రతి నెలా 12వ తేదీన వస్తుందని రాశారు. 11న కొంటే మర్నాడే బిల్లులో చేరే ప్రమాదం ఉంది. 13న కొంటే అది వచ్చే నెల 12న గానీ బిల్లులోకి రాదు, ఆపైన కట్టే గడువు వేరే ఉంటుంది. అయితే యంత్రం మీ షెడ్డుకు చేరి, ఒకసారి తిప్పి చూసేదాకా పూర్తి మొత్తం గీకకండి, చిన్న అడ్వాన్సుతో సరిపెట్టండి. వస్తువు తిప్పి పంపితే డబ్బు కార్డుకు తిరిగి రావడానికి రోజులు పడుతుంది, ఆ లోగా బిల్లు గడువు ఆగదు.